తేనెపెట్టెలో వరోవా నల్లి : ఏ కాలానికి ఏ మందు?



ఈ పూట తేనెటీగలను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. తేనె తీసే పద్ధతులు మీరు ఇదివరకే విని ఉన్నారు. నేడు చెప్పబోయేది పెట్టెలోని ఈగలను కొద్దికొద్దిగా తినివేసే ఒక నల్లి సంగతి, దానికి వాడే మందుల సంగతి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు 2017లో తేనె మిషన్ మొదలుపెట్టిన తరువాత తేనెపెట్టె అంటే ఏమిటో తెలియని పల్లె తక్కువ. పెట్టెలు వచ్చిన చోటికి నల్లి కూడా వచ్చింది. కావున ఈ సంగతి మనం తెలుసుకోక తప్పదు.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను.

బాసర నుండి ముధోల్ పోయే దారిలో ఒక ఊరున్నది. అక్కడ ఒక రైతు పొద్దుతిరుగుడు చేను గట్టున 12 పెట్టెలు పెట్టుకున్నాడు. అన్నీ ఇటాలియన్ ఈగలే. మార్చి నెల చివరి వారంలో నన్ను పిలిచాడు. “సారూ, ఈగల వీపు మీద ఎర్రటి పురుగులు కనబడుతున్నయి. రెక్కలు ముడుచుకపోయిన పిల్ల ఈగలు పెట్టె ముందట పాకుతున్నయి. దీనికి ఏ మందు మంచిది?” అని అడిగాడు. నేను నా శిక్షణ నోటుబుక్కు తీసి చూశాను. ఫార్మిక్ ఆమ్లం అని రాసి ఉన్నది. మోతాదు కూడా ఉన్నది. అదే చెప్పాను. ఆయన నా మాట నమ్మి 12 పెట్టెల్లోనూ ఆ సాయంత్రమే మందు పెట్టాడు.

మూడవ రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. “సారూ, ఈగలన్నీ బయటికొచ్చి గడ్డం లెక్క వేలాడుతున్నయి” అన్నాడు. పోయి చూశాను. 12 పెట్టెల్లో 5 పెట్టెలకు రాణి లేదు. పట్టులో మూత వేయని పిల్ల చచ్చి ఉన్నది. మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు. కాలం తప్పు. నా నోటుబుక్కులోని ఆ మాట పంజాబు చలికాలానికి సరిపడేది. మా దగ్గర ఆ వారం ఎండ 40 డిగ్రీలు దాటింది. ఆ తప్పు రైతుది కాదు, నాది.

ఆనాటి నుండి “ఏ మందు మంచిది?” అని ఎవరు అడిగినా నేను మందు పేరు చెప్పను. తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఒకటి, పెట్టెలో నల్లి ఎంత ఉన్నది? రెండు, బయట ఎండ ఎంత ఉన్నది? మూడు, పట్టులో మూత వేసిన పిల్ల ఉన్నదా, పైన తేనె అర ఉన్నదా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మందు ఏదో మీకే తెలుస్తుంది. తెలియకపోతే ఎంత మంచి మందైనా నా మందులాగే పనిచేస్తుంది.

ఇక నల్లి సంగతి చూద్దాము.

మిరపకు, వంగకు వచ్చే ఎర్రనల్లి మీకు తెలుసు. ఇదీ నల్లి జాతిదే, కాని కంటికి కనబడుతుంది. ముదురు ఎరుపు రంగు, ఆవగింజ కంటె చిన్నది, పీత చిప్పలాగ అడ్డంగా వెడల్పు. పొడవు ఒక మిల్లీమీటరు పైచిలుకు, వెడల్పు ఒకటిన్నర పైచిలుకు. 1904లో ఔడెమాన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు దీని జాతిని జావా దీవిలోని తేనెటీగల మీద గుర్తించి వర్ణించాడు. పూర్వం రోము దేశంలో వ్యవసాయాన్ని గూర్చి, తేనెటీగలను గూర్చి గ్రంథం వ్రాసిన వారో అనే పండితుని పేరే దానికి పెట్టారు.

ఇది మొదట మన ఆసియా ఈగల మీద, అంటే మన పుట్ట తేనెటీగ జాతి మీద బ్రతికిన నల్లి. వేల ఏండ్ల సహవాసం వల్ల పుట్ట తేనెటీగ దీనికి లొంగదు. ఒకదాని వీపు మీది నల్లిని మరొకటి కొరికి పారవేస్తుంది. నల్లి కూడా కూలి ఈగల పిల్లలో పెద్దగా సంతానం పెట్టలేదు, పోతుటీగల పిల్లలోనే పెడుతుంది. కావున అది అక్కడ హద్దు మీరదు. కాని పశ్చిమ దేశాల ఈగకు ఈ విద్య తెలియదు. నల్లి ఆ ఈగ మీదికి ఎక్కిన తరువాత ప్రపంచమంతా ప్రాకింది. ఇటాలియన్ ఈగలను నాశనం చేస్తున్నది వేరే జాతి నల్లి అని 2000లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అండర్సన్, ట్రూమన్ తేల్చి దానికి ‘వరోవా డిస్ట్రక్టర్’ అని పేరు పెట్టారు. డిస్ట్రక్టర్ అంటే నాశనం చేసేది అని అర్థం. ఆ ఆస్ట్రేలియా దేశానికి కూడా 2022 జూన్‌లో ఈ నల్లి చేరింది. అక్కడి ప్రభుత్వం పెట్టెలకు పెట్టెలే కాల్చి నిర్మూలించాలని చూసి, 2023 సెప్టెంబరులో ఇక నిర్మూలన సాధ్యం కాదని ఒప్పుకొన్నది. ఈ మాట ఎందుకు చెపుతున్నానంటే, నల్లిని పూర్తిగా లేకుండా చేయడం మన చేతిలో పని కాదు. హద్దులో ఉంచడమే మన పని.

ఇటాలియన్ ఈగలు మన దేశంలో 1960 దశకం ఆరంభంలో నగ్రోటాలో స్థిరపడ్డాయి. ఆ ఊరు అప్పుడు పంజాబులో ఉండేది, నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నది. అందుచేతనే పెంపకపు పద్ధతులు, మందుల మోతాదులు చాలా భాగం ఉత్తరాది వాతావరణాన్ని బట్టి వ్రాసినవి. అక్కడి మాట ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు మన ఎండను లెక్కలో వేసుకోవలెను.

నల్లి ఎక్కడ దాగుతుందో తెలిస్తేనే మందు ఎంపిక తెలుస్తుంది. కనుక ఇది కొంచెం శ్రద్ధగా వినండి. రాణి గుడ్డు పెడుతుంది. గుడ్డు పిల్లపురుగు అవుతుంది. దాని గదికి మైనపు మూత పడబోయే ముందు తల్లి నల్లి ఆ గదిలోకి దూరుతుంది. మూత పడిన తరువాత సుమారు రెండున్నర రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది. అది మగది. తరువాత రోజుకు పైచిలుకు వ్యవధిలో ఒక్కొక్కటి ఆడగుడ్లు పెడుతుంది. తల్లీ పిల్లలూ అందరూ కలిసి ఆ ఈగపిల్ల ఒంటిలోని సత్తువను పీలుస్తారు. ఈగ బయటికి వచ్చేనాటికి దాని వెంట తల్లి నల్లితో పాటు ఎదిగిన కూతుళ్ళు కూడా బయటపడతాయి. నల్లి పీల్చడం ఒక ఎత్తు, అది అంటించే రెక్కల వైరస్ మరొక ఎత్తు. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు మీకు కనబడేది ఈ వైరస్ వల్లనే. అవి ఎగరలేవు, పెట్టె ముందు పాకి చస్తాయి.

కూలి ఈగ గదికి మూత 12 రోజులు ఉంటుంది. పోతుటీగ గదికి 14, 15 రోజులు ఉంటుంది. ఎక్కువ రోజులంటే ఎక్కువ సంతానం. అందుకే నల్లి కూలి ఈగ గది కంటె పోతుటీగ గదిని సుమారు 8 రెట్లు ఎక్కువ ఇష్టపడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు పనికివస్తుంది. పెట్టెలో పిల్ల ఉన్న రోజుల్లో సగం కంటె ఎక్కువ నల్లి మూతల క్రిందనే ఉంటుంది. మీ కంటికి కనబడేది మిగిలినది మాత్రమే.

ఇక మొదటి ప్రశ్న: నల్లి ఎంత ఉన్నది?

దీనికి పెద్ద పరికరం అక్కరలేదు. వెడల్పు మూతి గాజు సీసా ఒకటి తీసుకోండి. మూతకు బదులు ఈగ దూరని, నల్లి రాలిపోయే జాలీ బిగించండి. పిల్ల ఉన్న చట్రం ఒకటి తీసి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకొని, ఈగలను ఒక తట్టలో దులపండి. 120 మిల్లీలీటర్లు పట్టే గ్లాసుతో నిండుగా ముంచి సీసాలో పోయండి. సుమారు 300 ఈగలు వస్తాయి. దానిలో రెండు పెద్ద చెంచాల మెత్తని, పొడి చక్కెర పిండి వేయండి. ఒక నిమిషం సీసాను మెల్లగా దొర్లించి, రెండు మూడు నిమిషాలు నీడలో ఉంచండి. తరువాత సీసాను తలక్రిందులు చేసి తెల్లని పళ్ళెంలోకి పిండి దులపండి. పిండి మీద కాస్త నీరు చల్లితే చక్కెర కరిగి ఎర్రని నల్లులు తేలుతాయి. లెక్కపెట్టండి. ఈగలకు ఏమీ కాదు, తిరిగి పెట్టెలో పోయండి. మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి.

300 ఈగలకు 9 నల్లులు, అంటే నూటికి 3 వచ్చినవా, ఇక ఆలస్యం చేయరాదు, మందు పెట్టవలెను. 3 లోపు వస్తే మందు అక్కరలేదు, నెల తిరిగిన తరువాత మళ్ళీ చూడండి. మధ్యన ఉంటే మందు లేని ఉపాయాలు చేసి రెండు వారాలకు మళ్ళీ లెక్కపెట్టండి. ప్రతి పెట్టె చూడలేకపోతే అయిదింటికి ఒకటైనా చూడండి. ఎత్తుబడి చేసే ముందు కాటా పెట్టని రైతు ఉండడు గదా. మందు పెట్టే ముందు ఈ లెక్క కూడా అలాంటిదే.

రెండవ ప్రశ్న ఎండ, మూడవ ప్రశ్న పిల్ల, తేనె అర. వీటిని ఒక్కొక్క మందుతో కలిపి చెపుతాను.

మొదటిది ఫార్మిక్ ఆమ్లం. ఎర్రచీమ కుట్టితే మంట పుట్టించేది ఈ జాతి ఆమ్లమే. దీని గొప్పతనం ఏమంటే, దీని ఆవిరి మైనపు మూతను దాటి లోపలి నల్లిని కూడా చంపుతుంది. కాబట్టి పిల్ల ఉన్న పెట్టెకు ఇది తగినది. మన దేశంలో చెప్పే మోతాదు 85 శాతం ఆమ్లం, పెట్టెకు రోజుకు 5 మిల్లీలీటర్లు, వరుసగా 15 రోజులు. చిన్న సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, అడుగుపలక మీద ఉంచవలెను. పెట్టె ద్వారం పూర్తిగా తెరిచి ఉంచండి. పగటి ఎండ 10 నుండి 29 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే ఇది పెట్టవలెను. ఎండ మించితే ఆవిరి ఒక్కసారిగా లేచి రాణిని, పిల్లను చంపుతుంది. నా 12 పెట్టెల కథ అదే. మా బాసర ప్రాంతంలో కార్తీక పున్నమి దాటినది మొదలు వసంత పంచమి దాకా దీనికి అనువైన కాలం. అమ్మవారి గుడిలో అక్షరాభ్యాసాల సందడి ముగిసిన తరువాత ఈ సీసా పెట్టెలో కనబడరాదని గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో కూడా ధర్మామీటరు చూసుకోండి. పంచాంగం ఒక్కటే చాలదు.

ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, కండ్లు పోగొట్టగలదు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టరాదు. గాలికి ఎదురు నిలవరాదు. బకెట్ నీళ్ళు ప్రక్కన ఉండవలెను. పలుచన చేయవలసి వస్తే నీళ్ళలో ఆమ్లం పోయండి గాని, ఆమ్లంలో నీళ్ళు పోయకండి.

రెండవది థైమోల్. మన ఇండ్లలో వాము ఉంటుంది గదా. వాము నూనెలోని ఘాటు పదార్థమే థైమోల్. దాని పలుకులను వాముపువ్వు అంటారు. ఇది మెల్లగా ఆవిరి అవుతూ బయటి నల్లిని చంపుతుంది. మూతల క్రిందికి సరిగా పోదు. అందుచేత ఒక్కసారి పెట్టి ఊరుకుంటే చాలదు. లోపలి పిల్ల అంతా బయటికి వచ్చేదాకా, అంటే మూడు నాలుగు వారాలు పెట్టెలో ఉండవలెను. మరీ చలిలో ఇది ఆవిరి కాదు, మరీ ఎండలో ఈగలు ఘాటుకు బయటికి వస్తాయి. దసరా, దీపావళి నడిమి కాలం దీనికి బాగుంటుంది. తేనెటీగలకని తయారు చేసిన థైమోల్ జెల్లు దొరికితే డబ్బా మీద వ్రాసిన మోతాదు మించకండి. కొట్లో దొరికే వాముపువ్వును చేతికి వచ్చినంత చల్లరాదు. పైన తేనె అర ఉంటే దీన్ని అసలే పెట్టరాదు. తేనెకు వాము వాసన పట్టితే కొన్నవాడు రెండవసారి మీ గడప తొక్కడు.

మూడవది ఆక్సాలిక్ ఆమ్లం. చుక్కకూర పులుపులో ఉండేదే. దీనితో మూత క్రింది నల్లి చావదు, ఈగల ఒంటి మీది నల్లి మాత్రం బాగా చస్తుంది. కాబట్టి పట్టులో మూత వేసిన పిల్ల లేనప్పుడే దీని బలం. 1 కిలో చక్కెరకు 1 లీటరు నీళ్ళు కలిపి గోరువెచ్చని పాకం చేయండి. ఆ పాకంలో 1 లీటరు కొలిచి 35 గ్రాముల ఆమ్లం పలుకులు కరిగించండి. రెండు చట్రాల నడుమ ఈగలున్న ప్రతి సందులోనూ సూదిలేని సిరంజితో 5 మిల్లీలీటర్లు సన్నగా పోయండి. పెట్టె మొత్తానికి 50 మిల్లీలీటర్లు మించరాదు. ఆ పూటకు కావలసినంతే కలుపుకోండి, నిలవ ఉంచకండి. ఈ పలుకులు చూడడానికి చక్కెర లాగ, పటిక లాగ ఉంటాయి. వంట ఇంట్లో పెట్టరాదు. సీసా మీద పేరు వ్రాసి పిల్లలకు అందని చోట తాళం వేయండి.

నాలుగవది ఫ్లువాలినేట్, అమిట్రాజ్ వంటి రసాయనాలు పట్టించిన పట్టీలు. ఇవి ఈగల మధ్య వ్రేలాడదీస్తే వారాల తరబడి పనిచేస్తాయి. ఎండతో పెద్దగా పేచీ లేదు. కాని రెండు చిక్కులున్నవి. ఏటేటా అదే పట్టీ వాడితే నల్లి దానికి అలవాటు పడుతుంది. ఇటలీలోను, అమెరికాలోను 1990 దశకంలో ఫ్లువాలినేట్‌కు చావని నల్లి పుట్టింది. రెండవ చిక్కు, ఈ రసాయనం మైనంలో నిలిచిపోతుంది. కావున ఇవి మొదటి ఆయుధం కావు. వాడక తప్పకపోతే తేనెటీగలకని తయారై, తేనెటీగలకని లేబిలు మీద వ్రాసి ఉన్నవే వాడి, చెప్పిన గడువుకు తీసివేసి, మరుసటిసారి వేరే మందుకు మారవలెను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. కొందరు ఖర్చు తగ్గుతుందని పత్తికి కొట్టే పురుగుమందులో, పశువుల పిడుదులకు వాడే మందులో చెక్కముక్కలు, అట్టముక్కలు ముంచి పెట్టెల్లో వ్రేలాడదీస్తున్నారు. అది మందు కాదు, విషం. ఎంత పీల్చుకున్నదో ఎవరికీ తెలియదు. ఆ మందులో కలిపిన నూనెలు, ద్రావకాలు ఈగల కొరకు చేసినవి కావు. అది మైనంలోకి, మైనం నుండి తేనెలోకి దిగుతుంది. ఆ తేనెను పసిపిల్ల నాలుక మీద వ్రాసేవాళ్ళు ఉన్నారు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టరాదని డాక్టర్లు చెపుతున్నా పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు. ఆ సంగతి తలచుకొని ఆ పని మానండి.

మందు లేని ఉపాయం ఒకటి చెపుతాను. నల్లికి పోతుటీగ గది అంటే ప్రీతి అని చెప్పాను గదా. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పూత బాగా ఉండి ఈగలు పోతుటీగలను పెంచుతాయి. అప్పుడు పిల్ల అర అంచున ఒక ఖాళీ చట్రం పెట్టి, దాని పై కర్రకు సన్నని మైనపు పట్టీ మాత్రం అంటించండి. ఈగలు క్రిందికి పెద్ద గదులు కడతాయి. రాణి వాటిలో పోతు గుడ్లు పెడుతుంది. నల్లి వచ్చి అందులో దూరుతుంది. గదులకు మూతలు పడిన తరువాత ఆ పట్టును కోసి కోళ్ళకు వేయండి, లేదా పూడ్చివేయండి. గుడ్డు పెట్టిన 24వ రోజుకు పోతుటీగ బయటికి వస్తుంది. 20వ రోజు దాటనీయకండి. పెట్టి మరచిపోయారా, మీరే నల్లికి పురిటిల్లు కట్టి ఇచ్చినట్లు అవుతుంది. తేదీ సుద్దముక్కతో పెట్టె మీద వ్రాసుకోండి.

ఇప్పుడు మీరు అడుగుతారు. ఆ ముధోల్ దారి రైతు కూడా నన్ను అదే అడిగాడు. “అన్నీ చలికాలం మందులే చెప్పవడితిరి. మరి ఎండకాలం నల్లి లేస్తే చూసుకుంట కూసోవాల్నా సారూ?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆ జవాబు కొరకు నేను పుస్తకాలూ తిరగవేశాను, పెద్దల దగ్గరకూ పోయాను.

జవాబు రాణి దగ్గరే ఉన్నది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మన చుట్టూ పూత తక్కువ. ఎలాగూ రాణి గుడ్లు తగ్గిస్తుంది. ఆ కాలాన్నే వాడుకోవలెను. రోహిణి కార్తె ప్రవేశించగానే రాణిని పట్టు మీదనే చిన్న జాలీ గూటిలో మూయండి. కూలి ఈగలు జాలీ గుండా మేత పెడతాయి. రాణి ఉన్నదన్న వాసన పెట్టెలో ఉంటుంది, గుడ్లు మాత్రం ఉండవు. 24 రోజులు అలా ఉంచితే లోపలి పిల్ల అంతా బయటికి వచ్చివేస్తుంది. నల్లికి దాక్కునే గది ఒక్కటీ మిగలదు. అది ఈగల ఒంటి మీదికి రాక తప్పదు. అప్పుడు సాయంత్రం చల్లబడ్డాక ఇందాక చెప్పిన ఆక్సాలిక్ పాకం పోసి, రాణిని వదలండి. మృగశిర గడిచేలోపు పని పూర్తి అవుతుంది.

ఇందులో జాగ్రత్తలు మూడు. ఆరు చట్రాల నిండా ఈగలు లేని బలహీనపు పెట్టెకు ఇది చేయరాదు. దాన్ని ముందు మరొక పెట్టెతో కలపండి. ఆ 24 రోజులు సాయంత్రం పూట చక్కెర పాకం పెట్టండి, బయట ఒలకనీయకండి, ఒలికితే దొంగ ఈగలు వస్తాయి. పెట్టెలకు చెట్టు నీడ, దగ్గరలో నీటి తొట్టి, పైన తడిగోనె ఉండి తీరవలెను.

ఇంకొక నల్లి కూడా మన ప్రాంతంలో జాగ్రత్తగా చూసుకోవలసినది ఉన్నది. పేరు ట్రోపిలేలాప్స్. ఇది కొండ తేనెటీగల నుండి వస్తుంది. నిర్మల్ అడవుల్లో, పెద్ద మర్రిచెట్ల మీద కొండతేనె పట్లు ఉన్న చోట పెట్టెలు పెడితే దీని భయం ఎక్కువ. వరోవా అడ్డంగా వెడల్పు, మెల్లగా కదులుతుంది. ఇది నిలువుగా పొడవు, ఒక మిల్లీమీటరు కూడా లేదు, పట్టు మీద చురుకుగా పరుగెత్తుతుంది. దీనికి ఈగ ఒంటి మీద పీల్చుకొని బ్రతికే శక్తి లేదు. పిల్ల దొరకకపోతే రెండు మూడు రోజుల్లో చస్తుంది. కాబట్టి రాణిని మూసే ఉపాయం దీనికి ఇంకా బాగా తగులుతుంది. చట్రం పై కర్రల మీద చట్రానికి 200 మిల్లీగ్రాముల చొప్పున, అంటే చిటికెడు, మెత్తని గంధకపు పొడిని వారం, పది రోజులకు ఒకసారి చల్లే పద్ధతి కూడా మన దేశంలో వాడుకలో ఉన్నది. ఎక్కువ చల్లితే పిల్ల చెడుతుంది.

పుట్ట తేనెటీగను పెంచే సోదరులకు ఒక మాట. మీ పెట్టెల్లో అక్కడక్కడ వరోవా కనబడినా ఈ మందులేవీ పెట్టకండి. ఆ ఈగ తన సంగతి తానే చూసుకుంటుంది. 1991లో మొదలై దక్షిణాదిన పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టిన థాయి సాక్‌బ్రూడ్ జబ్బు వేరు. అది నల్లి కాదు, వైరస్. పిల్ల నీటి సంచి లాగ అవుతుంది. దానికి నల్లి మందులు పనిచేయవు.

చివరగా, ఒక్కరు మందు పెట్టితే చాలదు. ఈగలు హద్దురాళ్ళు చూడవు. నల్లి పట్టి నీరసించిన మీ పొరుగువాని పెట్టెను మీ ఈగలు దోచుకోబోతాయి. తేనెతో పాటు నల్లినీ మోసుకొస్తాయి. కావున ఒక ఊరి పెట్టెలన్నిటికీ ఒకే వారంలో లెక్క, ఒకే వారంలో మందు జరగవలెను. పొద్దుతిరుగుడు, నువ్వు పూతకు బయటినుండి వలస పెట్టెలు వస్తే వారితో కూడా మాట్లాడండి. పోట్లాట వద్దు. ఒక గాజు సీసా, చెంచాడు చక్కెర పిండి తీసుకుపోయి కలిసి లెక్కపెట్టండి. లెక్క చూసిన తరువాత ఎవరూ కాదనరు. మందు పెట్టిన రెండు వారాలకు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. మందు పనిచేసిందో లేదో దుకాణదారు చెప్పడు, ఆ పళ్ళెమే చెపుతుంది.

ఎక్స్‌టెన్షన్‌లో పనిచేసే నా తోటి ఉద్యోగులకు కూడా ఒక మనవి. మన చేతి నోటుబుక్కులో మందు పేరు ప్రక్కన మోతాదు ఉంటుంది. దాని ప్రక్కన ఒక గీత గీసి, “ఎంత ఎండలో?” అని వ్రాసుకోండి. ఆ గీత నా పుస్తకంలో లేకపోవడం వల్ల ఒక రైతు 5 రాణులను పోగొట్టుకున్నాడు.

ఆ రైతు సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన నా మీద కోపపడవలసిందే, కాని పడలేదు. రాణులు లేని పెట్టెలను మిగిలిన వాటితో కలుపుకొని 7 పెట్టెలు నిలుపుకున్నాడు. మరుసటి రోహిణిలో ఇద్దరం కలిసి రాణులను గూళ్ళలో మూశాము. ఆ 24 రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. పాకం పోసి రాణులను వదిలిన రెండు వారాలకు చక్కెర పిండితో లెక్కపెట్టాము. పళ్ళెంలో రెండే నల్లులు తేలాయి. ఆయన పళ్ళెం వైపు చూసి, “ఈసారి పుస్తకం మనదే రాసుకుందాం సారూ” అన్నాడు.

అవును, మన ఎండకు, మన పూతకు తగిన పుస్తకం మనమే వ్రాసుకోవాలి. ప్రతి పెట్టె మీద తేదీ, లెక్క, ఎండ, పెట్టిన మందు వ్రాసి ఉంచండి. మూడేండ్లు అలా వ్రాస్తే మీ ఊరికి తగిన తేనెటీగల పంచాంగం మీ చేతిలో ఉంటుంది. అనుమానం ఉన్నవారు ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, మీ మండలం వ్యవసాయ, ఉద్యాన అధికారులను గాని అడగండి. అడిగేటప్పుడు “ఏ మందు?” అని కాక, “నల్లి ఇంత ఉన్నది, ఎండ ఇంత ఉన్నది, పిల్ల ఇంత ఉన్నది, ఏమి చేయాలి?” అని అడగండి. సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది.